పని చేస్తుంటె గుంజొద్దు

ఈ రోజు కోకాపేట ఆఫీసులో నా ఉద్యోగం తీసేశారు. ల్యాప్‌టాప్ అప్పగించే ముందు సొంత ఫైళ్లు చెరిపేయమన్నారు. ఇంటి ఫొటోల ఫోల్డర్ ఒకటి ఎంతకీ పోలేదు.

"రీస్టార్ట్ చేసి, వేరే ఏదీ తెరవకముందే డిలీట్ కొట్టండి మేడం" అన్నాడు సిస్టమ్స్ చూసే ఆయన.

తెర నల్లబడగానే కొండాపూర్‌లో మా పాతింటి ముందుగది గుర్తొచ్చింది. అమ్మ పాత చీరతో కుట్టిన కంప్యూటర్ ముసుగు, దాని కలరా ఉండల వాసన, దసరాకి మానిటర్‌కి పెట్టిన కుంకుమ బొట్టు. మీ ఇళ్లలోనూ చెప్పులు విప్పాకే కంప్యూటర్‌ని ముట్టుకునేవాళ్లు కదా?

మాది మొండికేస్తే నేను ప్లగ్ పీకబోయేదాన్ని. నాన్న పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకునేవాడు.

"ఆగు బిడ్డా! పని చేస్తుంటె గట్ల గుంజుతరా? అన్నీ మూసి, నిమ్మళంగ బంద్ చెయ్యాలె."

కంప్యూటర్ లోపలి ఫ్యాన్ చప్పుడు ఆగేదాకా చెయ్యి వదిలేవాడు కాదు.

రీస్టార్ట్ అయ్యాక ఫోల్డర్ ఒక్క నొక్కుకే పోయింది. కాపీ ఇంట్లో ఉంది.

పొద్దున మెయిల్ సగం రాస్తుండగా నన్ను గదిలోకి పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ గదిలో "పని చేస్తుంటె గట్ల గుంజుతరా?" అని అడిగేవాళ్లు ఒక్కరూ లేరు.