మా బామ్మర్ది చేసిన టేకు గిటారు

మా ఆవిడ గొంతు పోయిన ఏడాదే నా గిటారు కూడా విరిగింది. ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధమూ లేదు. అయినా నా మనసులో అవి విడిగా ఉండవు. ఒకటి చెప్పబోతే రెండోది వచ్చేస్తుంది.

మాది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. పగలంతా చీరలు విప్పి చూపించడం, వచ్చినవాళ్ళు లేచి వెళ్ళాక మళ్ళీ మడత పెట్టడం. పెళ్ళిళ్ళ కాలంలో మాత్రం నా సాయంత్రాలు వేరుగా ఉండేవి. మా వీధివాళ్ళం కొందరం కలిసి ఒక ఆర్కెస్ట్రా పెట్టుకున్నాం. అందులో నేను ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాణ్ణి. పాడడానికి బుక్కరాయసముద్రం నుంచి ఒకమ్మాయి వచ్చేది, తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని. ఆ అమ్మాయే మా ఆవిడ అయింది. ఆ తమ్ముడు నా బామ్మర్ది.

పెళ్ళి మాట ఎత్తినప్పుడు మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక రిసెప్షన్‌లో చివరి వరసలో కూర్చుని ఆమె పాట విన్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "గొంతు బాగుండాది లేప్పా" అన్నాడు. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

ఆమెది మరీ తీయని గొంతు కాదు. కొంచెం జీర ఉండేది. పై స్థాయికి పోయేకొద్దీ ఆ జీర కరిగి గొంతు తేటపడేది. పాట ఎత్తుకున్నప్పటి నుంచీ నేను ఆ తేటపడే చోటు కోసమే ఎదురుచూస్తూ వాయించేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెతో ఆ మాట చెప్పలేదు.

ఆమె మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగి, బెంగళూరులో ఆపరేషన్ చేయించాం. గొంతుకు పోయే నరం అక్కడే ఉంటుందని, పాటకు ఇబ్బంది రావచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. వేరే దారి లేదు. కొన్ని నెలలకు మాట తిరిగి వచ్చింది. పాట రాలేదు. కొంచెం పైకి పోబోతే స్వరం బదులు గాలి వచ్చేది.

"మాట్లాడేకి వస్తాండాది గదా, సాలు" అనేది నేను దిగులుగా కనిపిస్తే. కానీ వంటింట్లో కూనిరాగం కూడా మానేసింది. పొయ్యి మీద చారు మరిగే చప్పుడు అంత బాగా వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ కాలంలోనే కదిరిలో ఒక రిసెప్షన్ ముగించుకుని వస్తుంటే, టెంపోలో స్పీకరు పెట్టె జారి గిటారు మీద పడింది. గిటారు మెడ, అంటే ఎడమచేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడుగాటి భాగం, పుల్లలా విరిగింది. ఒళ్ళు కూడా ఒక పక్క పగిలి, ఎర్ర రంగు కింద నుంచి చెక్క బయటపడింది.

బామ్మర్దికి బుక్కరాయసముద్రంలో చెరువు పక్క వడ్రంగి షాపు ఉంది. తలుపులు, మంచాలు, బీరువాలు చేస్తాడు. గిటారు ముక్కలు తీసుకుని, మా ఆవిడను వెంటబెట్టుకుని అక్కడికి పోయాను. వాడు పగిలిన అంచును వేలితో గీకి చూసి ఒకటే నవ్వు.

"బావా, ఇది ప్లైవుడ్డప్పా! బీరువా ఎనక కొట్టే రకం. ఇన్నేండ్లు దీన్ని పట్టుకోనేనా మీరు స్టేజీల మీద ఎగిరింది?"

మా ఆవిడ కూడా నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. నవ్వు కూడా గాలిగాలిగానే వచ్చింది.

కొత్త గిటారు కొనుక్కోవచ్చు. నాకు కొత్తది వద్దు. ఆమె పాడినప్పుడు పక్కన మోగిన ఆ మోతే కావాలి. "నువ్వే చేసియ్‌రా" అన్నాను.

"తలుపులు చేసేవాణ్ణి నేను. నేను చేస్తే దాంట్లో పాటలెట్ల వస్తాయి బావా?"

"చెక్క పని ఒక్కటే నీది. మిగతావన్నీ పాతవే పెడదాం."

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద పికప్‌లు ఉంటాయి. సన్నటి రాగితీగ చుట్టిన అయస్కాంతాలవి. తీగ వణికితే ఆ వణుకును పట్టి స్పీకరుకు పంపుతాయి. అందుకని చెక్కతో పనే లేదనేవాళ్ళున్నారు, అంతా చెక్కలోనే ఉందనేవాళ్ళూ ఉన్నారు. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని చూస్తే ఇద్దరి మాటా నిజమే అనిపించేది. మా ఇద్దరిలో ఎవరికీ ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే మొదలుపెట్టగలిగాం.

ముందు వేపతో చేశాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్టు దుంగ ఒకటి షాపు వెనక పడి ఉంది. ఎండిపోయిందనే అనుకున్నాం. ఒళ్ళు, మెడ రెండూ దాంతోనే చెక్కి, పాత దానికి ఉన్నట్టే మెడను స్క్రూలతో బిగించాడు. మోత కొంచెం బరువుగా, ముతకగా వచ్చినా ఫర్వాలేదనుకున్నాను. తర్వాత ఎండలు ముదిరాయి. మా వైపు వేసవి గాలిలో తడి అన్నది ఉండదు. చెక్కలో మిగిలిన పచ్చి కాస్తా ఆరి, మెడ విల్లులా వంగి తీగలు పైకి లేచాయి. మెడ మీద ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టుగా అడ్డంగా కొట్టిన ఇత్తడి తీగల కొసలు అంచుల్లో బయటికి పొడుచుకొచ్చాయి. ఒక పాట వాయించేసరికి నా అరచెయ్యి గీరుకుపోయింది.

మా ఆవిడ పసుపు అద్దుతూ, "ఎండినాక చేయల్ల గానీ, చేసినాక ఎండితే ఇంతే గదా" అంది. నేనూ బామ్మర్దీ తలలు వంచుకున్నాం.

రెండోసారి తొందరపడలేదు. కదిరిలో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసి వాడు పోయి ఒక టేకు దూలం తెచ్చాడు. ఎవరి తాతల కాలం నుంచో ఎండలన్నీ చూసిన చెక్క. కోసి ముక్కను వేలికి వేలాడదీసి, మెటికతో కొడితే ఖంగుమంది. వేప ముక్కను అట్లా కొడితే తలుపు తట్టినట్టు ఉండేది. ఈసారి మెడ వంగుతుందేమోనన్న భయంతో లావుగా ఉంచాడు. స్క్రూలు మానేసి, మెడను ఒంట్లోకి గాడి తీసి దింపి, జిగురుతో ఒకటిగా అతికించాడు. పాత గిటారు పికప్‌లు, తీగలు ఆనే బ్రిడ్జి, తీగలు బిగించే చెవులు అన్నీ తెచ్చి దీనికే బిగించాం. తీగలు కూడా ఎప్పుడూ వాడే రకమే.

ఒక సాయంత్రం మా ఇంటి వసారాలో స్పీకరు పెట్టుకుని వాయించాను. విని ఆశ్చర్యపోయాను. చెక్క ఎంత మారినా, మోత దాదాపు పాతదే. కళ్ళు మూసుకుంటే ఆ ఎర్ర గిటారే ఒళ్ళో ఉన్నట్టుంది. ధైర్యం వచ్చి, ఆమె ఎక్కువగా పాడే పాట ఎత్తుకున్నాను. చిక్కుడుకాయలు తుంచుతున్న ఆమె మధ్యలో చెయ్యెత్తింది.

"ఆడ ఆపు. మళ్ళా వాయించు."

వాయించాను.

"ఆ స్వరం నిలబడతాండాది."

"నిలబడితే మంచిదే గదా?"

"పాత దాంట్లో నిలబడేది కాదప్పా. నువ్వు మీటినాక కొంచేపటికే పడిపోతాండె. పడిపోయేటప్పుడు నేను అందుకుంటాంటి. నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఆ మెట్టు మీద స్వరం చచ్చిపోతుందని మాత్రం తెలుసు. ఎంత గట్టిగా నొక్కినా, వేలు ఎంత ఊపినా ఉండేది కాదు. అది గిటారులో లోపమని విసుక్కునేవాణ్ణి. ఆమె అక్కడ గొంతు సాగదీసేది అందం కోసమనుకున్నాను.

తర్వాత బామ్మర్దీ నేనూ వెతికి తెలుసుకున్నాం. మెడ సన్నగా, మెత్తగా ఉంటే ఏదో ఒక స్వరానికి అది కూడా తీగతో పాటు వణకడం మొదలుపెడుతుందట. తీగ బలాన్ని మెడ తాగేస్తుంది, స్వరం పడిపోతుంది. టేకు మెడ లావుగా, బిరుసుగా ఉంది. అది ఏమీ తాగడం లేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఆ పడిపోయే స్వరమే కావాలనిపించింది. బామ్మర్ది దగ్గరికి పోయి మెడను సన్నగా చిత్రిక పట్టమన్నాను.

"ఇంత బాగొచ్చినదాన్ని సెడగొట్టల్లా బావా?" అన్నాడు. నా ముఖం చూసి సరేనన్నాడు.

ఆ రోజు మా ఆవిడ కూడా వచ్చింది. సగం చేసిన మంచం పట్టె మీద కూర్చుని టీ తాగుతోంది. చిత్రిక పట్టేటప్పుడు కదలకుండా ఉండాలని వాడు చెవులుండే గిటారు తల దగ్గర ఒక ఇనుప క్లాంపు బిగించాడు. బల్లకు ఇంకా బిగించలేదు. నేను ఊరికే తీగ మీటాను. మాకు కావలసిన మెట్టుకు పక్కదాని మీద స్వరం తటాలున పడిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తల మీద బరువు పడేసరికి మెడ వణుకు మారిందన్నమాట. వాడు క్లాంపును అటూ ఇటూ జరిపాడు. చివరికి మాకు కావలసిన స్వరమే పడిపోయింది. అచ్చం పాత దాంట్లోలాగే.

స్పీకరు పెట్టి పాట వాయించాను. ఆ చోటు వచ్చింది. స్వరం పడిపోతుండగా, తనకు తెలియకుండానే, ఆమె నోరు తెరిచింది.

గాలి వచ్చింది. దాంట్లో ఒక సన్నటి గరగర. అంతే.

ఆమె నోరు మూసుకుంది. వాడు రంపం పొట్టును కాలితో నెడుతూ నిలబడ్డాడు. నేను తీగల మీద చెయ్యి పెట్టి మోత ఆపేశాను.

"తీసెయ్‌రా దాన్ని" అంది తమ్ముడితో.

"అక్కా, ఇంగోసారి..."

"తీసెయ్. అందుకునేకి నాకు గొంతు లేదు. దాన్నే నిలబడనీ. నేను ఇనుకుంటా."

వాడు క్లాంపు విప్పాడు. నేను మళ్ళీ వాయించాను. స్వరం నిలిచింది. తనంతట తాను సన్నగిల్లి ఆగేదాకా ఆమె తల వంచుకుని విన్నది, తర్వాత మిగిలిన టీ తాగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కళ్ళలో తిరగలేదు.

మెడను అలాగే ఉంచేశాం.

ఈ ఏడు గోరంట్లలో ఒక రిసెప్షన్‌కు ఆమె కూడా మాతో వచ్చింది. పెళ్ళివాళ్ళు ఆ పాటే అడిగారు. ఇప్పుడు మాతో పాడే అమ్మాయికి అది రాదు. తీగల మీదే వాయిస్తానన్నాను. ఆ చోటుకు వచ్చేసరికి నా చూపు ఎడమ పక్క, ఒకప్పుడు ఆమె పాడే మైకు వైపు పోయింది. అక్కడ ఎవరూ లేరు. భోజనాల వైపు గిన్నెల చప్పుడు మీదుగా స్వరం సాగుతూనే ఉంది. నేను దాన్ని సాగనిచ్చినంతసేపూ, ఇంకెవరైనా వచ్చి అందుకుంటారేమోనని ఎదురుచూశాను.

దిగివచ్చి ఆమె పక్కన నిలబడి, "ఎట్లుండె?" అన్నాను.

"బాగుండాది. కాకపోతే ఆ స్వరాన్ని తొందరగా ఇడిసినావు. ఇంగా ఉండె దాంట్లో" అంది. పక్క కుర్చీలో పెట్టిన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నన్ను కూర్చోమంది.