డ్రైవరు పక్క సీటు

మా బావ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు, అదీ ఒకే రూటులో. డిపోలో ఆయన్ని అందరూ గడియారం అనేవాళ్లు. పోయిన నెల రిటైరయ్యాడు. ఇక కాలు మీద కాలేసుకుని ఇంట్లో కూర్చుంటాడనుకుంటే, కొండలు చూపిస్తానంటూ మా అక్కను, వాళ్లమ్మాయిని, నన్ను కారులో కుక్కి బయల్దేరదీశాడు.

స్టీరింగు మాత్రం ఎవరికీ ఇవ్వడు. మా మేనకోడలు మందుల కంపెనీలో వ్యాను నడుపుతుంది. మూడేళ్లలో బండికి చిన్న గీత పడనివ్వలేదు. అయినా ఆ పిల్ల నడిపే బండిలో వాళ్ల నాన్న ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఈ ప్రయాణంలో ఎలాగైనా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడపాలని దాని పంతం. "ఊళ్లో అందరూ నన్ను డ్రైవరంటారు మావయ్యా, నాన్న తప్ప," అని ముందురోజే నా దగ్గర వాపోయింది.

కొండ ఎక్కడం మొదలవగానే అడిగేసింది. "నాన్నా, ఇక్కణ్ణుంచి నేను నడుపుతా."

"ఘాట్ రోడ్డమ్మా. వచ్చేప్పుడు చూద్దాంలే."

"పోయినసారి కూడా వచ్చేప్పుడే అన్నావు."

"అప్పుడు వర్షం పడింది కదా."

మాట దాటెయ్యడంలో మా బావ తర్వాతే ఎవరైనా. పిల్ల ముఖం మాడ్చుకుని కిటికీవైపు తిరిగింది. అయితే అలాంటి ఎండలో, అలాంటి గాలిలో అలక ఎంతసేపు నిలుస్తుంది? వాగు కనబడితే ఆగి కాళ్లు తడుపుకున్నాం. బండరాయి మీద కూర్చుని అరటిపళ్లు తిన్నాం. ఎవరికీ ఎక్కడికీ తొందర లేదు.

ఒక్కటే చిత్రం. దారిలో బస్సు షెల్టరు కనబడితే చాలు, మా కారు దానంతటదే పక్కకు జరిగి ఆగిపోయేది. మొదటిసారి ఇంజను వేడెక్కిందన్నాడు బావ. రెండోసారి టైర్లు చూడాలన్నాడు. మూడో షెల్టరులో ఒక ముసలామె సీతాఫలాల బుట్టతో నిలబడి ఉంది. కారు ఆగీ ఆగకముందే తలుపు తెరిచి, "కాస్త జరుగు బాబూ," అంటూ నా పక్కన కూర్చుంది.

"ఇది బస్సు కాదమ్మా," అన్నాను.

"నాకు కళ్లు లేవా? ఆగారు, ఎక్కాను. పైన నాలుగో మలుపులో దింపెయ్యండి."

బావ అద్దంలోంచి ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు. మింగలేక కక్కలేక గేరు మార్చాడు. మేం నవ్వాపుకోలేక చచ్చాం.

నాలుగో మలుపులో ఆమె ఇల్లు రోడ్డుకి ముప్పై మెట్లపైన ఉంది. బుట్ట ఎత్తలేక ఆమె ఆయాసపడుతుంటే బావ దిగి, దాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. తాళంచెవి బండికే ఉంది. మేనకోడలు గభాలున దిగి డ్రైవరు సీట్లో కూర్చుంది. మా అక్క, కూతురి ముఖం ఒకసారి చూసి, ముందుసీటు ఖాళీ చేసి నా పక్కకు వచ్చేసింది.

బావ మెట్లు దిగొచ్చి డ్రైవరు వైపు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పిల్ల ఆయనవైపు చూడలేదు. స్టీరింగు పట్టుకుని ఎదుటి మలుపునే చూస్తోంది.

"సీటు ముందుకి జరుపుకున్నావా?" అన్నాడు చివరికి.

"జరుపుకున్నా."

"అద్దాలు?"

"చూసుకున్నా నాన్నా."

చుట్టూ తిరిగి వెళ్లి పక్కసీట్లో కూర్చున్నాడు.

మొదటి మూడు మలుపులూ ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. "హారన్" అనబోయేలోపే పిల్ల హారన్ కొట్టేది. ఎదురుగా లారీ వస్తే అంచుకి జరిపి, ఆపి, దారిచ్చింది. ఆ తర్వాత ఆయన కాలు కుదుటపడింది. తల కిటికీవైపు తిరిగింది.

"లోయలో ఇన్ని ఇళ్లున్నాయా," అన్నాడు తనలో తాను. "పొద్దుట్నుంచీ నాకు రోడ్డు తప్ప ఏమీ కనబళ్లేదు."

ఇంకాసేపటికి ఆ మాటలూ ఆగిపోయాయి. అక్క ముందుకి వంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"పెళ్లయి ఇరవై ఏడేళ్లు," అంది నా చెవిలో. "రైల్లో కూడా కన్ను మూయరు, నడిపేవాడు ఎలా నడుపుతున్నాడోనని."

గుసగుసే అయినా పిల్లకి వినబడింది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. ఇంతలో శిఖరం వచ్చింది. మేం ఇంతదూరం వచ్చింది దానికోసమే. అందరూ బళ్లు ఆపి ఫొటోలు తీసుకుంటున్నారు. అక్క బావ భుజం తట్టబోయింది.

"లేపకమ్మా," అంది నా మేనకోడలు. బండి ఆపకుండా, కుదుపు లేకుండా, మెల్లగా శిఖరం దాటించేసింది.