లెఫ్ట్ అంటే పోయిండు

గద్వాలలో నా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో పాత ప్రేమ సినిమాలు చూపించి మాటలు నేర్పుతాను. పోయిన వారం రైల్వే స్టేషన్ సీన్‌లో హీరోయిన్ "హి లెఫ్ట్" అని ఏడిస్తే, "లెఫ్ట్ అంటే పోయిండు" అని బోర్డు మీద రాశాను.

ఈ రోజు మధ్యాహ్నం మా క్లాసుకొచ్చే వడ్డేపల్లి మణెమ్మ నవ్వుకుంటూ వచ్చి ఫోన్ చూపించింది. పుణెలో సెంట్రింగ్ పనికెళ్ళిన ఆమె భర్త వారంగా అక్కడి దవాఖానాలో ఉన్నాడు. సూపర్‌వైజర్‌కు తెలుగు రాదు. అందుకని ఈమే ఇంగ్లిష్‌లో మెసేజ్‌లు పెడుతోంది.

"నేనే చదివిన మేడం. 'హి లెఫ్ట్ అస్ దిస్ మార్నింగ్.' పొద్దుగాల దవాఖానకెల్లి పోయిండంట. రేపటికి ఇంటికొస్తడు గద?"

రెండుసార్లు చదివాను.

"మణెమ్మా, పోయిండమ్మా," అన్నాను.

"నేను గూడ గదే అంటున్న గద మేడం."

నా ముఖం చూశాక గానీ ఆమెకు అర్థం కాలేదు.

ఆ మాటకు ఇంగ్లిష్‌లోనూ మన 'పోయిండు'లాగే చావనే అర్థం ఉందని నేను క్లాసులో చెప్పలేదు. సినిమాలో అతను చివరికి తిరిగొస్తాడు, చెప్పే అవసరం రాలేదు. పాఠాలు చెప్పేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, బోర్డు మీద అది ఇంకా అలాగే ఉంది, రేపు పిల్లలొచ్చేలోగా తుడిచేయాలా, పక్కన రెండో అర్థం రాయాలా?