చెల్లె బదులు నేను చెప్పిన జవాబు

ఆ రోజు నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరమ్మ నా చెల్లెను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాను. అదే నేను చేసిన తప్పు.

చెల్లెకు ఇరవై రెండేళ్లు. అల్ట్రాసౌండులో కుడి అండాశయం మీద పెద్ద గడ్డ కనపడింది. చూస్తే క్యాన్సర్‌లాగే ఉందని, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఖాయంగా తెలిసేది ముక్క పరీక్షలోనే అయినా, ముందు ఎమ్మారై తీయిస్తే ఏ రకమో అంచనాకు రావచ్చని, ఎంతవరకు తీయాలో ఆలోచించుకోవచ్చని అంది. తర్వాత చెల్లె వైపు తిరిగి, ముందుముందు పిల్లలు కావాలని ఉందా అని అడిగింది.

నేను కుర్చీలోంచి లేచాను. "గవన్నీ వద్దు మేడం. మొత్తం తీసెయ్యిండ్రి. మా అవ్వ గీ రోగంతోనే పోయింది."

మీ అమ్మకు వచ్చిన రకం, ఈమెకు వచ్చిన రకం ఒకటే కాకపోవచ్చని ఆమె నచ్చజెప్పింది. ఈ వయసులో వచ్చే కొన్ని రకాలు ఒక పక్కనే ఉంటాయట. అదైతే రెండో అండాశయం, గర్భసంచి మిగుల్చుకోవచ్చట. నాకు ఒళ్లు మండింది. స్కానింగుల పేరుతో దోచుకుంటున్నారని అరిచి, చెల్లెను చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాను.

బోధన్ బస్సులోనూ తిడుతూనే ఉన్నాను. ఎడపల్లి దాటాక చెల్లె నోరు విప్పింది.

"గడ్డ నీ కడుపుల ఉన్నదా అన్నా?"

"నీ మంచికే గదనే."

"అవ్వ కడుపుబ్బితే గ్యాసని ఇంట్ల కూసోబెట్టింది నువ్వు. గా శిక్ష నాకేస్తున్నవ్."

"సక్కగ అడిగింది పిల్ల," అంది ముందు సీటులోని ముసలామె, వెనక్కి తిరక్కుండానే.

ఆమె మీదా ఎగరబోయి ఆగాను. చెల్లె అన్నది నిజం. ఇన్నేళ్లుగా ఆ కోపాన్ని అందరి మీదా చల్లుతున్నాను.

బోధన్‌లో దిగి ఇంటికి పోలేదు. వెంటనే నిజామాబాద్ బస్సెక్కాం. డాక్టరమ్మ ఇంకా ఉంది. క్షమించమని అడిగితే, అడగాల్సింది తనను కాదంది. ఆమె ముందే చెల్లెను అడిగాను. చెల్లె పోయి డాక్టరమ్మ ఎదుటి కుర్చీలో కూర్చుంది. నేను బయటికి వచ్చి తలుపు వేశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

ఎమ్మారై గదిలోకి పోయేముందు చెల్లె తీసిచ్చిన కమ్మలు, ఇంకా మట్టెలు తొడగని కాళ్లకున్న పట్టీలు నా జేబులో పెట్టుకొని కూర్చున్నాను. రిపోర్టు ఆమె చేతికే ఇమ్మన్నాను. గడ్డ ఒక పక్కనే ఉన్నట్టుందని, రెండోది బాగానే కనిపిస్తోందని ఆమే నాకు చదివి చెప్పింది.

ఆపరేషన్‌లో ఒక పక్కే తీశారని తెలిసి ఇంటికొచ్చిన మేనత్త, మొత్తం తీయించకపోయారా అని నన్నే అడిగింది.

"నన్నెందుకు అడుగుతవ్ అత్తా, దాన్నే అడుగు," అన్నాను.