అద్దాల కాంచళి

మా పక్కింటి సుగాలి అవ్వ మొన్న తెల్లవారుతుండగా పోయింది. పెనుకొండలో మా వీధివాళ్లందరికీ ఆమె తెలుసు. తెలియనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

నల్లమాడ దగ్గరి తండా నుంచి కొడుకూ కోడళ్ల వెంట వచ్చింది. ధర్మవరం అంగళ్లకు రవికల చేతుల మీద అద్దాలు కుట్టి ఇచ్చేది. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది.

"ఏమప్పా కరపత్రం, ఈ పొద్దు ఎవురి మీద కోపం?"

సంచి నిండా కరపత్రాలతో తిరుగుతానని ఆ పేరు పెట్టింది. నేను గొంతెత్తి చదివితే, "చదువుకో, దారం మాత్రం జారనీయొద్దు" అనేది. నా ఆవేశాన్ని చివరిదాకా విన్న మనిషి ఆమె ఒక్కతే.

తన కాంచళిని ఒక్కసారే చూపించింది. పెళ్లికి వాళ్లమ్మ కుట్టిన రవిక. ఎర్రగుడ్డ మీద పసుపు, నీలి దారాలు, ఒత్తుగా అద్దం బిళ్లలు. వీపు వైపు గుడ్డ ఉండదు, తాళ్లే. భర్త పోయిన రోజు దాన్ని విప్పించారట. మొగుడు లేని ఆడది అద్దాలు తొడగకూడదని వాళ్ల తండా కట్టు.

"ఇదేం న్యాయం అవ్వా! ఇప్పుడే తొడుక్కో, ఎవురడుగుతారో నేను చూస్తా."

"నువ్వు చూస్తావు లేప్పా, వాళ్ల మధ్య బతకాల్సింది నేను. పోయినాక తొడిగి పంపండి, సాలు."

"అప్పటికి పడతాదా నీకు?"

"తాళ్లుండాయి గదా. సన్నబడితే బిగించి కట్టండి."

గడపలో బియ్యం ఏరుతున్న కోడలు తల ఎత్తలేదు.

మొన్న తండా పెద్దలు తెల్లచీర తెచ్చారు. అవ్వ కోరిక చెప్పాను. "మా కట్టు నీకేం తెలుసబ్బా?" అన్నారు. చదివినవన్నీ అరిచాను. ఎవరూ వినలేదు. భుజం పట్టి నన్ను వాకిట్లోకి నెట్టారు. ఆ గొడవలో కోడలు తలుపేసుకుంది. తీసేసరికి అవ్వ ఒంటి మీద కాంచళి ఉంది.

"తీసెయ్" అన్నాడు పెద్దాయన.

"వీపు మీద తాళ్లు ముడేసినాను మామా" అంది కోడలు, కళ్లు తుడుచుకోకుండానే. "ఆడమనిషి వీపు ముట్టి విప్పేటోళ్లెవురో ముందుకు రండి."

పెద్దాయన తెల్లచీరను మడిచి చంకలో పెట్టుకున్నాడు.

పాడె ఎత్తగానే ఏటవాలు ఎండ అద్దాలకు తగిలింది. వీధి గోడల మీద వెలుగు చుక్కలు లేచి, అవ్వ వెంటే కదులుతూ, మా ఇంటి గోడ దాటి, మలుపు దాకా పోయాయి.