ఆగిన గడియారం దరిద్రమట

ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉంచకూడదని మా వైపు అందరూ అంటారు. ఉంచకండి, ఎవరు వద్దన్నారు? కానీ విమానం ఇల్లు కాదు కదా! ఈ ముక్క మా యజమానికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

విజయనగరం దగ్గర చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఆయనకొక పాత రెండు సీట్ల విమానం ఉండేది. నాకంటే వయసులో పెద్దది. అది ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే ఇంజనీరుని నేను. అందులో ఉన్న కీ ఇచ్చే గడియారం ఆగిపోయింది. అలాంటి విమానంలో ఆమోదం ఉన్న గడియారమే పెట్టాలి, అది రావడానికి టైం పడుతుంది. పైలట్ చేతికి వాచీ ఎలాగూ ఉంది. అందుకని "పనిచేయదు" అని చీటీ అంటించి వదిలేశాను.

ఆయుధపూజ నాడు వచ్చేసరికి విమానానికి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. సరే, పెట్టుకోనీ అనుకున్నాను. లోపలికి తొంగిచూస్తే నా చీటీ లేదు, గడియారమూ లేదు. దాని చోట కారు గడియారం ఎర్ర అంకెలతో వెలుగుతోంది! పక్కనున్న దిక్సూచి దీపం నుంచే దానికి కరెంటు లాగారు. ఇత్తడి స్క్రూలు పారేసి ఇనప స్క్రూలు బిగించారు. ఇనుము దగ్గరుంటే దిక్సూచి ముల్లు అటు లాగుతుందని బడిపిల్లలకి కూడా తెలుసు. విమానాన్ని రన్‌వే మీదకి తీసుకెళ్లి చూశాను. ఉత్తరం ఒకచోట, ముల్లు ఇంకోచోట.

"ఏటండీ ఇది?" అని అరిచాను.

"పండగ పూట ఆగిపోయిన గడియారానికి బొట్టెడతామా అమ్మా? దరిద్రం! కొండల దాకా ఒక్క సుట్టు తిరిగొస్తే ముహూర్తం దక్కుతాది" అన్నాడు యజమాని.

"దిక్కు తప్పితే ముహూర్తమేటి సేస్తాది? నాను సంతకం ఎట్టను."

ఆయన ఇంకొకరిని పిలిపించి సంతకం పెట్టించుకున్నాడు. పైలట్ పెద్దాయన, నేను మావా అని పిలిచేదాన్ని. ఎక్కొద్దని బతిమాలాను.

"పోన్లేమ్మా, ఆకాశం తేటగా ఉన్నాది. పండగ పూట ఆయన్ని కాదంటే బాగోదు" అంటూ ఎక్కేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి శృంగవరపుకోట కొండల మీద మబ్బు కమ్మింది. రావలసిన వేళ దాటిపోయింది. యజమాని హాయిగా సెల్ఫీలు దిగుతున్నాడు. నేను కొండల వైపు నుంచి కళ్లు తిప్పలేదు.

చివరికి విమానం వచ్చింది, రావలసిన వైపు నుంచి కాదు. యజమాని లడ్డూ పళ్లెం పట్టుకుని ఎదురెళ్లాడు.

"ఎలాగున్నాది?"

"ఫస్ట్ క్లాస్ సార్!" అన్నాడు పైలట్.

నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మబ్బులో ఆ ముల్లుని నమ్మీసానమ్మా. కొండకి ఎదురెళ్లిపోనాను. మబ్బు సందులోంచి కింద రైలు పట్టాలు కనపడబట్టి బతికాను."

"ఆ మాట నాకు కాదు మావా, ఆయనకి సెప్పు!" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"ఏటమ్మా, ఏటి సెప్పాలంట?" అన్నాడు యజమాని నవ్వుతూ.

పైలట్ లడ్డూ అందుకున్నాడు. "ఏటీ లేదు సార్" అన్నాడు.