సదానందం వీపు వెనక

లాల్‌పేట్ బొగ్గుబావిలో ముప్ఫై ఐదేళ్లు పనిచేసి రిటైరైన సదానందానికి చలికాలం పొద్దున ఒకటే పని: వాకిట్లో నిప్పుల సిగ్డీ ముందు ముక్కాలిపీట వేసుకుని, దానికేదో మొక్కు బాకీ ఉన్నట్టు ఎదురుగా కూర్చోవడం. పక్కకు తిరగడు, వీపు కాచుకోడు. మోకాళ్లు కాల్చిన వంకాయల్లా అయినా జరగడు. అందుకే ఆయన స్వెటర్ ముందువైపు రవ్వలు పడి జల్లెడ; వెనకవైపు మాత్రం కొన్ననాటి ఊదారంగే.

మొన్నొక పొద్దున మనవరాలు స్నేహలత కాలేజీ పుస్తకం తెరిచి ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల గురించి చెప్పింది. అవి చిన్నవి, మసక నిప్పులు, లక్షల కోట్ల ఏళ్లు ఆరవు. వెచ్చదనం కోసం గ్రహం బాగా దగ్గరికి జరగాలి. అంత దగ్గరైతే ఒకే మొహం నక్షత్రానికి పెట్టి ఉండిపోతుంది. ఒకవైపు ఎప్పుడూ పగలు, రెండోవైపు ఎప్పుడూ చీకటి. పైగా నక్షత్రం ఉండుండి మంటలు చిమ్ముతుంది. “బూడిద కప్పిన నిప్పు జల్ది ఆరదు, గది నాకెర్కనే,” అన్నాడు సదానందం పెద్దరికంగా. “కానీ గా చీకటి దిక్కున ఎవడు బతుకుతడే? పిచ్చి గిట్ల లేసిందా గా సైంటిస్టులకు?” “బతుకొచ్చో లేదో ఇంకా తేలలే తాతా,” అంది స్నేహలత. ఆయన వీపు నీడలో, కొంగు చెవులకు చుట్టుకుని బియ్యం ఏరుతున్న భార్య నర్సక్క చాట కింద పెట్టింది. “తేలింది, రాసుకో బిడ్డా. నలభై ఏండ్ల సంది మీ తాత ఎనుక దిక్కునే బతుకుతున్న.” సదానందం పీటతో సహా జానెడు పక్కకు జరిగాడు. ఆ సందులోంచి నర్సక్క రెండు కాళ్లూ సిగ్డీ దాకా చాపేసింది.